వెండి రూపాయి: నాణేల సంచిలో వెదకవద్దు, ఇంటి సందుగలో చూడండి



బ్యాంకు నుంచి చిల్లర నాణేల సంచులు తెచ్చుకొని ఒక్కొక్కటీ పరిశీలిస్తే పాతకాలపు వెండి నాణేలు దొరుకుతాయన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. అమెరికాలో ఎవరో బల్ల ముందు కూర్చొని, బ్యాంకు ఇచ్చిన కాగితపు చుట్టలు విప్పి, నాణేల అంచులు చూస్తూ వెండివాటిని వేరుచేసే దృశ్యాలు సెల్‌ఫోనులలో విరివిగా తిరుగుతున్నాయి. అవి చూచినవారికి మనమూ ఒక సంచి తెచ్చి చూస్తే పోలేదా అనిపించడం సహజం. కిరాణా వర్తకులకు ఎలాగూ చిల్లర అవసరమే. కనుక ఈ ఆలోచనలో ఎంత నిజమున్నదో ముందు తేల్చుకొని, ఆ తరువాత అసలు వెండి ఎక్కడున్నదో చూద్దాం.

అమెరికా సంగతి వేరు. అక్కడ 1964 వరకు ముద్రించిన పది సెంట్ల, పాతిక సెంట్ల, అర డాలరు నాణేలలో నూటికి 90 పాళ్లు వెండి ఉండేది. 1965లో చట్టం మార్చి చిన్న నాణేల నుంచి వెండిని పూర్తిగా తొలగించారు. అర డాలరులో మాత్రం 1970 వరకు 40 పాళ్లు ఉంచారు. కాని పాత నాణేలను రద్దు చేయలేదు. అవి నేటికీ చెల్లుతాయి. కొత్త నాణెం, పాత నాణెం ఒకే కొలతలో ఉండడంవల్ల ఎవరి డబ్బాలోనో దాగిన పాత నాణెం తెలియక బ్యాంకుకు చేరి, మరల చుట్టలో పడి బయటకు వస్తుంది. అర డాలర్లయితే ఒక చుట్టకు ఇరవై ఉంటాయి. చుట్టలు వెదికేవారికి అరుదుగానైనా వెండి దొరకడానికి కారణం ఇదే.

మన దేశంలో జరిగినది ఇందుకు పూర్తిగా భిన్నం.

ఈస్టిండియా కంపెనీ 1835లో దేశమంతటికీ ఒకే రూపాయిని ప్రవేశపెట్టింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. ఈ లెక్కన ఒక్కొక్క రూపాయిలో 10.69 గ్రాముల మేలిమి వెండి ఉన్నది. రాజులు, రాణులు మారినా ఈ బరువు, ఈ నాణ్యత నూరేళ్లకు పైగా మారలేదు. మన పెద్దలు బంగారాన్ని ‘రూపాయి ఎత్తు’ అని తూచిన నమ్మకానికి పునాది అదే.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ పరిస్థితిని తలకిందులు చేసింది. 1940లో ఫ్రాన్సు ఓడిపోయిందన్న వార్త రాగానే ప్రజలు నోట్లు ఇచ్చి వెండి రూపాయలు తీసుకొని దాచుకోసాగారు. అవసరానికి మించి నాణేలు కూడబెట్టడం నేరమని ఆ జూన్‌లో ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. ఒక రూపాయి నోటును విడుదల చేసింది. అదే సంవత్సరం రూపాయిలో వెండిని సగానికి తగ్గించి, తక్కిన సగం రాగి, నికెలు, తుత్తునాగం కలిపిన మిశ్రమంతో కొత్త రూపాయిని ముద్రించింది. అంతటితో ఆగక, 1941 నుంచి 1943 వరకు విక్టోరియా, ఎడ్వర్డు, ఐదవ, ఆరవ జార్జిల పూర్తి వెండి రూపాయలను వరుసగా చెలామణి నుంచి రద్దు చేసి ఖజానాలకు రప్పించింది. 1946–47 నుంచి నికెలు నాణేలు వచ్చాయి. యుద్ధకాలంలో అమెరికా నుంచి మన దేశం 22 కోట్ల 60 లక్షల ఔన్సుల వెండిని అప్పుగా పొందింది. ఆ బాకీ తీర్చడానికి సగం వెండి నాణేలను సైతం వెనక్కు తీసుకొని కరిగించవలసి వచ్చింది. 1957లో ఆ అప్పు తీరింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే అణాలు పోయి నయాపైసలు వచ్చాయి.

ఇక నేటి సంచిలో వెండి ఎక్కడిది? 1992 నుంచి వచ్చిన రూపాయి బిళ్ల ఉక్కుది. పాత వెండి రూపాయి 30 మిల్లీమీటర్లకు పైగా వెడల్పుండి, నేటి రూపాయి పక్కన పళ్లెంలా కనిపిస్తుంది. అది పొరపాటున కలిసిపోయే వస్తువు కాదు. పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 తరువాత చెల్లుబాటు కాకుండా పోయాయి. కాబట్టి బ్యాంకులో నూరేసి చొప్పున కట్టి ఇచ్చే ప్లాస్టిక్ పొట్లాలను విప్పి వెదికితే మీకు దొరికేది కాలక్షేపమే. సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రపు గుర్తు ఉంటే ముంబయి, ఏ గుర్తూ లేకుంటే కలకత్తా టంకశాల అని పిల్లలకు చూపించవచ్చు. అది మంచి పాఠమే. అంతకు మించి ఆశించడం వృథా.

రాయపూర్ ఆభరణాలలో రూపాయలు

1940లో దాచుకొన్నవారు దాచుకొన్నట్లే ఉండిపోయారు కదా! ఖజానాకు చేరని రూపాయలు ఏమయ్యాయి? ఆ సంగతి తెలుసుకోవడానికి రాయపూర్ తగిన చోటు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి రాజధాని అయిన ఈ నగరంలో సదర్ బజార్ నగల వర్తకానికి పెట్టినది పేరు. చుట్టుపక్కల గ్రామాల స్త్రీలు తరతరాలుగా ధరించే వెండి ఆభరణాలలో మెడకు గట్టి కడ్డీవంటి ‘సూతా’, చేతులకు ‘ఐంఠీ’, నడుముకు ‘కర్ధన్’ ఉన్నాయి. వాటితోపాటు వెండి రూపాయలను వరుసగా గుచ్చిన ‘రుపియా’ మాల ఒకటి. మన కాసులపేరుకు ఇది వెండి రూపంలో చెల్లెలనవచ్చు. ఆ మాలలోని బిళ్లలు విక్టోరియా రాణివి, జార్జి రాజువి. ఆ కుటుంబానికి అదే అలంకారం, అదే పొదుపు ఖాతా. కరువు వస్తే విప్పేది, పంట వస్తే చేర్చేది.

విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల సందుగలలోనూ పెళ్లిలో ఇచ్చిన రూపాయలు, పూజలో ఉంచిన రూపాయలు పసుపు అంటి పడి ఉంటాయి. తెలంగాణ నుంచి వచ్చినవారి ఇళ్లలో చార్మినారు బొమ్మ గల నిజాము ‘హాలీ సిక్కా’ ఉంటుంది. మీరు శ్రీకాకుళంలో ఉన్నా, కరీంనగర్‌లో ఉన్నా మీ ఇంటి సంగతీ ఇంతే. వెదకవలసిన సంచి అది.

అయితే ఈ వెండి బయటకు వచ్చే సమయం సాధారణంగా మంచి సమయం కాదు. విత్తనాలు కొనవలసిన జూన్‌లోనో, ఆసుపత్రి ఖర్చు మీదపడినప్పుడో మాల విప్పుతారు. తొందరలో ఉన్నవానికి బేరమాడే ఓపిక ఉండదు. అందుకే అవసరం రాకముందే, తీరికగా ఉన్న ఒక మధ్యాహ్నం సందుగ తెరచి మీ ఇంట ఏమున్నదో లెక్క వ్రాసుకోవలసిందిగా మా సలహా.

ముందుగా సంవత్సరం చూడండి

నాణెం మీది సంవత్సరమే మీకు సగం సంగతి చెబుతుంది. 1835 నుంచి 1939 వరకు ఉన్న రూపాయి పూర్తి వెండిది. 1940 నుంచి 1945 వరకు ఉన్నది సగం వెండిది. బరువు అదే 11.66 గ్రాములైనా అందులో మేలిమి వెండి 5.83 గ్రాములే. పులి బొమ్మ గల 1947 రూపాయిలో వెండి బొత్తిగా లేదు. అది నికెలు, సూదంటురాయికి అంటుకొంటుంది. వెండి అంటుకోదు. 1964 నాటి నెహ్రూ రూపాయిని వెండి అని భ్రమపడి దాచుకొన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అదీ నికెలే. దీనికి విరుద్ధంగా, 1969లో గాంధీ శతజయంతికి వెలువడిన పది రూపాయల నాణేన్ని కొందరు చులకనగా చూస్తారు. దాని బరువు 15 గ్రాములు, అందులో నూటికి 80 పాళ్లు వెండి. అంటే 12 గ్రాముల మేలిమి. విక్టోరియా రూపాయి కంటె ఎక్కువే! 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పది రూపాయల బిళ్ల 22.5 గ్రాములు తూగుతుంది, అందులో సగం వెండి.

నిజాము రూపాయి కొంచెం తేలిక, 11.18 గ్రాములు. వెండి నూటికి దాదాపు 82 పాళ్లు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడా వెండిని సగానికి తగ్గించారు. దానిమీద హిజ్రీ సంవత్సరం పారశీక అంకెలలో ఉంటుంది కనుక చదవగలవారికి చూపించి గాని అమ్మవద్దు.

సంవత్సరం విషయంలో ఒక చిక్కు ఉన్నది. 1840 అని ఉన్న రూపాయలను 1861 వరకు, 1862 అని ఉన్నవాటిని 1874 వరకు అదే తేదీతో ముద్రించారు. కాబట్టి ‘1862 నాటిది, ఎంతో ప్రాచీనం, అరుదు’ అని ఎవరైనా ఊరిస్తే నమ్మవద్దు. అవి కోట్లలో ముద్రితమైనవి. అరుదైనవి వేరే ఉన్నాయి. 1911లో ఐదవ జార్జి పట్టాభిషేక కాలపు రూపాయిలో రాజు అంగవస్త్రం మీద చెక్కిన ఏనుగు పందిలా కనిపిస్తున్నదని అలజడి రేగింది. ప్రభుత్వం వెంటనే ముద్రణ ఆపి, 1912లో తొండం స్పష్టంగా కనిపించేలా దిద్దింది. ముద్రించిన దాదాపు 94 లక్షలలో చాలా భాగం బయటకు రాకుండానే కరిగిపోయింది. ఆరవ జార్జి 1939 రూపాయి అంతకంటె అరుదు. అందుకే దానికి నకిలీలు కూడా ఎక్కువ. మీ మాలలో ఈ రెండు తేదీలు కనిపిస్తే కరిగించే పళ్లెంలో వేయనివ్వకండి. నాణేల సేకరణ తెలిసినవారికి చూపించి, ఇద్దరు ముగ్గురి అభిప్రాయం తీసుకోండి. అయితే మాల కోసం వలయం అతికించిన నాణేనికి, రంధ్రం చేసిన నాణేనికి సేకర్తలు చాలా తక్కువ ఇస్తారు. వెండి బరువు మాత్రం ఎక్కడికీ పోదు.

ఇంకొక మాట. నల్లబడిన నాణేన్ని చింతపండుతోనో, బూడిదతోనో తళతళలాడేలా తోమి తీసుకుపోవడం మన అలవాటు. పూజకు అది సరే. అమ్మకానికి మాత్రం నష్టం. తోమిన కొద్దీ గీతలు పడి సేకరణ విలువ తగ్గుతుంది.

తులం తగవు

ఇక తూకం. ఈ విషయంలో మీరు కొంత నిదానించవలసి ఉన్నది, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

పూర్వం తులం అంటే రూపాయి బరువు, 11.66 గ్రాములు. నేటి బజారులో తులం అంటే 10 గ్రాములు. ఒకే మాట, రెండు తూకాలు. ‘రూపాయి తులమే కదా, నలభై రూపాయలు నలభై తులాలు’ అని వర్తకుడు అనగానే మీరు ఔనని తలూపుతారు. మీ దృష్టిలో అది సత్యమే. కాని అతడు లెక్క కట్టేది 400 గ్రాములకు. అరగని నలభై రూపాయల నిజమైన బరువు 466 గ్రాములకు పైగా ఉంటుంది. 66 గ్రాముల వెండి ఒక్క మాటలో జారిపోయింది! కనుక తులాల మాట ఎత్తవద్దు. ఎలక్ట్రానిక్ కాటా మీద గ్రాములలో తూయించి, అంకె మీ కళ్లతో చూడండి.

బరువు తేలిన తరువాత టంచు, అనగా నాణ్యత. పూర్తి వెండి రూపాయికి పన్నెండింట పదకొండు పాళ్లన్నది చట్టం నిర్ణయించిన లెక్క. నలభై అసలు రూపాయలలో మేలిమి సుమారు 427 గ్రాములు. దానిని ‘పాత వెండి, అరవై టంచు’ అని తగ్గించి కొనజూచేవారికి ఈ లెక్క చెప్పండి. అదే మాలలో 1940 తరువాతి బిళ్లలు కలిసి ఉంటే వాటిని మీరే విడిగా పెట్టండి. లేకుంటే అన్నిటికీ ఆ తక్కువ టంచే కడతారు. వలయాల మాటుకు కొంత తరుగు తీయడం న్యాయమే. అరిగిన నాణేలు కొంచెం తక్కువ తూగుతాయి. అదీ న్యాయమే.

నకిలీల సంగతి వర్తకులకు తెలియనిది కాదు. అయినా కొనేవారిలో రైతులూ ఉంటారు, ముఖ్యంగా ధన త్రయోదశి నాడు పూజకు రాణి రూపాయి కావాలని అడిగేవారు. అసలు రూపాయిని రాతిమీద వేస్తే ఖంగుమని సాగే నాదం వినిపిస్తుంది. పోతపోసిన నకిలీ మొద్దుగా పలుకుతుంది. అంచున గీతలు సమంగా ఉండాలి, అతుకు కనిపించరాదు. ‘జర్మన్ సిల్వర్’ అన్నది పేరుకే వెండి, అందులో వెండి లేదు.

అమ్మకమా, తాకట్టా?

డబ్బు అవసరం కొన్ని నెలలదే అయితే అమ్మనవసరం లేదు. బంగారం తాకట్టు మీద ఋణం అందరికీ తెలిసినదే. వెండి మాత్రం చాలాకాలం గిరవి వ్యాపారుల చేతిలోనే ఉండిపోయింది. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో బంగారం, వెండి తాకట్టు ఋణాలకు ఉమ్మడి నిబంధనలు జారీ చేసి, 2026 ఏప్రిల్ 1 నాటికి అమలులో పెట్టాలని ఋణసంస్థలను ఆదేశించింది. వాటి ప్రకారం ఒక ఋణగ్రహీత 10 కిలోల వరకు వెండి ఆభరణాలు, 500 గ్రాముల వరకు వెండి నాణేలు తాకట్టు పెట్టవచ్చు. ముద్దవెండికి, కడ్డీలకు ఋణం లేదు. అంటే మాలను కరిగించి ముద్ద చేసినవారు నాణేన్నే కాక తాకట్టు అవకాశాన్ని కూడా కరిగించుకొన్నట్లే.

విలువను గడచిన 30 రోజుల సగటు ధర, ముందురోజు ముగింపు ధర, ఈ రెండింటిలో తక్కువదానిని బట్టి కడతారు. మేలిమి వెండికే వెల. వినియోగ అవసరాలకు తీసుకొనే ఋణం రెండున్నర లక్షల లోపయితే విలువలో నూటికి 85 వరకు ఇవ్వవచ్చు. లెక్క సులభంగా ఉండడానికి కిలో వెండి లక్ష రూపాయలనుకోండి. పైన చెప్పిన నలభై రూపాయల మాలలోని 427 గ్రాముల మేలిమికి విలువ 42,700 రూపాయలు, ఋణం గరిష్ఠంగా 36,295 రూపాయలు. అసలు, వడ్డీ చివర ఒకేసారి చెల్లించే ఋణమైతే ఆ పరిమితిలో వడ్డీ కూడా కలిసి ఉంటుంది కాబట్టి చేతికి వచ్చేది ఇంకా తక్కువ. పరీక్ష మీ ఎదుటనే జరగాలి, బరువు, నాణ్యత వ్రాసిన పత్రం మీకు ఇవ్వాలి. బాకీ పూర్తిగా తీర్చిన తరువాత తన తప్పువల్ల ఏడు పనిదినాలు దాటినా సొత్తు తిరిగి ఇవ్వని సంస్థ రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన కూడా ఉన్నది. అన్ని శాఖలూ వెండిని స్వీకరించకపోవచ్చు. ముందుగా విచారించి, మీ వద్ద ఉన్నవి పాత నాణేలని స్పష్టంగా చెప్పి వెళ్లండి.

ఒక విషయం మరువకండి. ఈ లెక్కలో 1911 రూపాయికి, 1912 రూపాయికి తేడా లేదు. తాకట్టులో వెండికే తప్ప అరుదుతనానికి వెల ఉండదు. అరుదైన నాణెం ఉంటే తాకట్టు మూటలో కలపకుండా ఇంటనే ఉంచుకోవడం మేలు.

లక్షలిస్తామనే ఫోను

‘మీ వద్ద ఫలానా బొమ్మ గల అయిదు రూపాయల బిళ్ల ఉన్నదా? లక్షలు ఇస్తాం’ అనే ప్రకటన చూడనివారు నేడు అరుదు. ఫోటో పంపగానే అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. బేరం కుదిరిందంటాడు. రిజర్వు బ్యాంకు ముద్ర గల ఒక కాగితాన్ని కూడా పంపుతాడు. ఆ తరువాత ‘నమోదు రుసుము’ అని కొంత, ‘పన్ను’ అని కొంత, ‘కమీషను’ అని మరికొంత. చిన్న మొత్తాలే కదా అని పంపుతూ పోయిన మనిషి, పంపినదానిని రాబట్టుకోవాలన్న ఆశతో మరల పంపుతాడు. పంట ఋణంగా ఖాతాలో పడిన సొమ్ము ఇలా పోవడం కంటె దుఃఖకరమైనది ఏముంటుంది?

ఈ మోసం గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను బహిరంగంగా హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు ఎటువంటి సంబంధమూ లేదని, వాటికి రుసుముగాని కమీషనుగాని ఎన్నడూ అడగదని, తన పేరిట వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టం చేసింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు గాని మీ నుంచి ముందు డబ్బు అడగడు. అటువంటి ఫోనులో ఇప్పటికే సొమ్ము పోయి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, మీ శాఖకు కూడా తెలియజేయండి.

నాగలికి తగిలిన కుండ

రాయపూర్ నగరంలో 1875లో నెలకొన్న మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం ఉన్నది. దాని సేకరణలో విగ్రహాలు, శాసనాలతో పాటు ప్రాచీన నాణేలు కూడా ఉన్నాయి. పొలంలోనో, పాత గోడలోనో పూడ్చిపెట్టిన నాణేలు దొరకడం ఛత్తీస్‌గఢ్‌లోనే కాదు, మన జిల్లాలలోనూ అప్పుడప్పుడు జరిగేదే. ఇంటి సందుగలోని రూపాయికి, నేలలో దొరికినదానికి చట్టం దృష్టిలో చాలా భేదం ఉన్నది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిక్షేపం దొరికినవారు కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచినవానికి తన వాటా పోవడమే కాక జైలు శిక్ష కూడా పడవచ్చు. తెలియజేసినవానికి హక్కు ఉన్నది. సొంతదారు ఎవరూ లేరని తేలి, భూయజమానితో వేరే ఒప్పందం లేకుంటే నాలుగింట మూడు పాళ్లు దొరికించుకొన్నవానివి, ఒక పాలు భూయజమానిది. ప్రభుత్వమే తీసుకోదలచితే వెల చెల్లించి తీసుకొంటుంది.

వర్తక సోదరులకు కూడా ఒక సూచన. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, విదేశాలకు పంపడం నిషిద్ధం. నేడు ఈ లెక్కలోకి విక్టోరియా, ఎడ్వర్డుల రూపాయలు అన్నీ, ఐదవ జార్జి రూపాయలలో చాలా భాగం చేరిపోయాయి. మట్టి అంటిన నాణేల మూట తెచ్చి తక్కువ ధరకు ఇస్తానన్న మనిషి వస్తే, ఎక్కడిదని అడిగి, పేరు, చిరునామా రశీదు పుస్తకంలో వ్రాయించుకొన్న తరువాతనే కాటా తీయండి.